మంసాపురంలో గోధుమ రొట్టె

మదురై నుంచి నైరుతి దిక్కుగా డెబ్భై అయిదు కిలోమీటర్లు బస్సులో ప్రయాణం చేస్తే శ్రీవిల్లిపుత్తూరు వస్తుంది. అక్కడినుంచి ఇంకో పది పన్నెండు కిలోమీటర్లు పోతే రాజపాళయం. ఈ రెండు ఊళ్ళ నడుమ, పడమటి కనుమల పాదాన ఉన్న చిన్న పట్టణం మంసాపురం. చెన్నై నుంచి రైల్లో వచ్చేవాళ్ళు పొదిగై ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుతుండగా శ్రీవిల్లిపుత్తూరులో దిగవచ్చు. దిగగానే ఎదురుగా కొండలు, వాటి మీద మబ్బులు. మే నెలాఖరు దాటితే కొండల మీదుగా గాలి మొదలవుతుంది, దానితోపాటు సన్నటి తుంపర. దీన్ని అక్కడివాళ్ళు ‘సారల్’ అంటారు. విజయవాడ ఎండల్లో వేగిన మాలాంటివాళ్ళకు ఆ తుంపర ఒక వరం.

ఊరి పేరు మొదటిసారి విన్నప్పుడు మావారు, “ఇదేదో మాంసాహారుల ఊరులా ఉందే!” అని నవ్వారు. తీరా సంబంధం మాట్లాడుకోవడానికి వెళితే మాకు పెట్టింది సాంబారన్నం, అప్పడం, పాయసం.

ఈ ప్రాంతంలో తెలుగు వినిపించడం వింతేమీ కాదు. విజయనగర రాజుల కాలంలోను, ఆ తర్వాత మదురై నాయకుల కాలంలోను ఆంధ్రదేశం నుంచి తరలివచ్చిన రాజులు, కమ్మవారు, రెడ్లు, ఇంకా ఎన్నో కులాలవారు విరుదునగర్ జిల్లా అంతటా ఉన్నారు. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా గారిది రాజపాళయమే. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైశెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు తెలుగువారి వలస కథనే తమిళంలో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మా వియ్యపురాలికి తెలుగు అక్షరాలు రావు. కానీ మాట వింటే మన బామ్మల మాటే. “వస్తా ఉండాను”, “తింటా ఉండాది” అంటూ మనం ఎప్పుడో వదిలేసిన రూపాలు ఆవిడ నోట భద్రంగా ఉన్నాయి.

తెలుగువారికి ఈ నేలతో ఇంకో చుట్టరికం కూడా ఉంది. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’ జరిగింది ఇక్కడే. విల్లిపుత్తూరే విష్ణుచిత్తుల వారి ఊరు, గోదాదేవి పుట్టిన తోట ఉన్న ఊరు. ఇంటికి వచ్చిన వైష్ణవులకు విష్ణుచిత్తుడు ఏ రుతువులో ఏమేమి వడ్డించేవాడో రాయలవారు తీరుబడిగా వర్ణించారు. వానాకాలంలో ఒకటి, చలికాలంలో ఒకటి, వేసవిలో ఒకటి. కూరలు మారతాయి, పులుసులు మారతాయి, వరుగులు, వడియాలు, ఊరగాయలు వచ్చిపోతుంటాయి. విస్తరి నడుమ అన్నం మాత్రం మారదు. అయిదువందల ఏళ్ళ తర్వాత మంసాపురంలో మా వియ్యాలవారింటి విస్తరీ అంతే. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి దోసె. అంతా బియ్యమే. ఈ సంగతి ఇంత సాగదీసి చెప్పడానికి కారణం ఉంది. మా మనవరాలి జబ్బు ఏమిటో ముందుగా బయటపెట్టింది ఈ బియ్యమే.

మా అమ్మాయి, అల్లుడు గుర్‌గావ్‌లో ఉద్యోగాలు చేస్తారు. పాపకు నాలుగేళ్ళు. పుట్టినప్పుడు బొద్దుగా ఉన్న పిల్ల రెండో ఏడు దాటినప్పటినుంచి ఎదుగుదల ఆపేసింది. కాళ్ళు చేతులు పుల్లలు, పొట్ట మాత్రం కుండ. వారానికి మూడు రోజులు విరేచనాలు, మిగతా రోజులు చిరాకు. బరువు పన్నెండు కిలోలు దాటదు. రక్తం తక్కువన్నారు. ఇనుము టానిక్కు ఎన్ని సీసాలు పట్టినా రక్తం పెరగదు. నులిపురుగుల మందు రెండుసార్లు వేశారు. పాలు పడటం లేదేమో అని పాలు మాన్పించారు. అక్కడ చూపించిన ఒక డాక్టరుగారైతే, “మీరు సౌత్ వాళ్ళు కదా, అన్నమే తింటారుగా, గోధుమ సంగతి అనుమానించనక్కర్లేదు” అన్నారట. ఇంట్లో అన్నం నిజమే. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరుదాకా పిల్ల ఉండే చోట పెట్టేది పరాఠా, బిస్కట్లు, గోధుమ రవ్వ. ఆ ప్రశ్న అక్కడ ఎవరూ అడగలేదు.

2023 వేసవి సెలవులకు పాపను తీసుకుని మా అమ్మాయి మంసాపురం వచ్చింది. నేనూ విజయవాడ నుంచి వెళ్ళాను. వచ్చిన మొదటి వారం పిల్ల ఎప్పటిలాగే ఉంది. రెండో వారానికి విరేచనాలు కట్టాయి. పొట్ట కొంచెం తగ్గింది. ఆకలి అని అడిగి మరీ పెరుగన్నం పెట్టించుకుంది. సంతోషం పట్టలేక అందరం కలిసి షెణ్బగత్తోప్పు వెళ్ళాం. మన మాటలో చెప్పాలంటే సంపంగి తోపు. కొండ కింద అడవి. అక్కడి బూడిదరంగు పెద్ద ఉడతల కోసమే 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. 2021 నుంచి అది శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యంలో భాగం. ఎప్పుడూ ఎత్తుకోమని ఏడ్చే పిల్ల ఆ రోజు చెట్ల కింద తన కాళ్ళతో తాను నడిచి, ఉడత కనిపించిందని కేక పెట్టింది.

“చూసినావా వదినా! ఈ గాలి, ఈ నీళ్ళు! ఆ ఊరి నీళ్ళే పాపకి పడలేదు. ఆండాళ్ తల్లి చల్లగా చూసింది” అంది మా వియ్యపురాలు. పాప ఆవిడను ‘అవ్వ’ అంటుంది, నేనూ ఇక్కడ అలాగే అంటాను. అవ్వ మాటను నేను కాదనలేదు. కళ్ళ ముందు పిల్ల బాగుపడుతుంటే ఎవరు మాత్రం కాదంటారు?

ఇలాంటి పొరపాటు పెద్ద పెద్ద వైద్యులకే జరిగింది. 1924లో న్యూయార్కులో సిడ్నీ హాస్ అనే పిల్లల డాక్టరు సరిగ్గా ఇలాంటి పిల్లలకు అరటిపళ్ళ పథ్యం పెట్టాడు. రొట్టె లేదు, బిస్కట్టు లేదు, రోజంతా అరటిపళ్ళు. పిల్లలు బాగుపడ్డారు. అరటిపండులోనే ఏదో మహిమ ఉందని చాలా ఏళ్ళు నమ్మారు. ఆ పథ్యంలో లేనిదేమిటో చూడాలని ఎవరికీ తోచలేదు. అది తోచినది విలెం డికె అనే డచ్చి వైద్యుడికి. ఆయనకు 1930లలోనే గోధుమ మీద అనుమానం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944–45 చలికాలంలో, హాలెండులో తిండిగింజలు దొరకని కరువు వచ్చింది. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. మళ్ళీ రొట్టె రాగానే మళ్ళీ పడ్డారు. 1950లో ఆయన తన పరిశోధన గ్రంథంలో ఇదంతా రాశాడు.

రాజపాళయంలో పిల్లల డాక్టరుగారి దగ్గరకు మేము వెళ్ళింది వేరే పని మీద. పాపకు చెవిపోటు వచ్చింది. ఆయనా తెలుగువాడే. పిల్లల వైద్యం ఉత్తరాదిన చదువుకుని వచ్చాడట. చెవి చూసి మందు రాశాక పిల్లను బల్ల మీద పడుకోబెట్టి పొట్ట చూశాడు, చొక్కా తీయించి వెనకవైపు పిరుదుల కండ చూశాడు, ఎత్తు కొలిచాడు. పాత కాగితాలన్నీ తిరగేశాడు. అవ్వ నీళ్ళ మహిమ చెప్పబోయింది. ఆయన నవ్వుతూ, “సరే అవ్వా, నీళ్ళు మారినాయి. ఇంకేమి మారింది? అక్కడ ఏమి తినేది, ఇక్కడ ఏమి తింటా ఉంది?” అన్నాడు. మా అమ్మాయి వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి, పరాఠా దగ్గర ఆగిపోయింది.

జబ్బు పేరు సీలియాక్ వ్యాధి. ఆయన చెప్పింది నాకు అర్థమైన మేరకు రాస్తాను. గోధుమ పిండిని నీళ్ళతో పిసికితే సాగే గుణం వస్తుంది కదా, ఆ సాగుడుకి కారణమైన మాంసకృత్తు పేరు గ్లూటెన్. బార్లీలోను, రై అనే ధాన్యంలోను దాని తోబుట్టువులు ఉంటాయి. బియ్యం, జొన్న, సజ్జ, రాగి, కొర్రల్లో ఈ గొడవ లేదు. కొందరి శరీరం ఈ గ్లూటెన్‌ను శత్రువుగా భావించి పోరాటానికి దిగుతుంది. ఆ పోరాటంలో దెబ్బ తినేది మన చిన్నప్రేగే. ప్రేగు లోపలి గోడ కొత్త తుండుగుడ్డలా ఉంటుందట, నిండా నూలు పోగులతో. తిన్న సారాన్ని పీల్చుకునేవి ఆ పోగులే. ఈ జబ్బులో పోగులు అరిగి ప్రేగు లోపల వెల్ల వేసిన గోడలా చదునైపోతుంది. ఇక ఎంత తిన్నా వంటబట్టదు. ఎంత ఇనుము పట్టినా రక్తంలోకి చేరదు. ఇది అలర్జీ కాదు, అజీర్తీ కాదు, ఎదిగితే పోయేదీ కాదు.

పరీక్ష రెండు అంచెలు. మొదటిది రక్త పరీక్ష. ఈ జబ్బు ఉన్నవాళ్ళ రక్తంలో టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే పదార్థం మీద ప్రతిరక్షకాలు తయారవుతాయి. ఈ సంగతి 1997లో జర్మనీలో కనుక్కున్నారు. డాక్టర్లు పొట్టిగా ‘టీటీజీ’ అంటారు. దానితోపాటు ఐజీఏ మొత్తం ఎంత ఉందో కూడా చూడాలి. కొందరి ఒంట్లో ఐజీఏ అనే ప్రతిరక్షకమే పుట్టుకతో తక్కువగా ఉంటుంది. అలాంటివాళ్ళకు జబ్బు ఉన్నా టీటీజీ పరీక్షలో లేదని వస్తుంది. రక్తంలో తేలితే రెండో అంచె ఎండోస్కోపీ. గొట్టం లోపలికి పంపి చిన్నప్రేగు మొదటి భాగం నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు.

“మన పక్క ఈ జబ్బు ఉందా డాక్టరుగారూ?” అని అడిగాను. నేను విన్నదే లేదు మరి. ఆయన చెప్పిన లెక్క నన్ను ఆశ్చర్యపరిచింది. తర్వాత మా అబ్బాయి చేత ఆ వ్యాసం తెప్పించి చదివించుకున్నాను. 2016లో అచ్చయిన పరిశోధన అది. ఉత్తరాన, ఈశాన్యాన, దక్షిణాన కలిపి ఇరవై మూడు వేల మందికి పైగా ఆరోగ్యవంతులైన పెద్దల రక్తం పరీక్షించారు. ఈ ప్రతిరక్షకాలు ఉత్తరాదిన నూటికి 1.23 మందిలో కనిపిస్తే, దక్షిణాదిన నూటికి 0.10 మందిలోనే కనిపించాయి. అంటే వెయ్యికి ఒక్కరు. అయితే ఈ జబ్బుకు అవకాశమిచ్చే జన్యువులు ఉత్తరాదిన నూటికి 38 మందిలో ఉంటే దక్షిణాదినా 36 మందిలో ఉన్నాయి. తేడా ఎక్కడంటే తిండిలో. ఉత్తరాదిన మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే దక్షిణాదిన తినేది 25 గ్రాములు. జన్యువులున్న వాళ్ళలోనూ ఎక్కువమందికి జబ్బు రాదనుకోండి. కానీ విత్తనం మన దగ్గరా ఉంది, దానికి నీళ్ళు పోసేవాళ్ళే లేరు.

ఆ రోజే రక్తం తీశారు. చెన్నైలోని లేబొరేటరీకి పంపాలి. లేచి వస్తుంటే అవ్వ, “ఇంక ఈ జన్మలో పాపకి గోధుమ ముట్టించను సామీ” అంది. డాక్టరుగారు ఆవిడను మళ్ళీ కూర్చోమన్నారు.

“అవ్వా, అదే చేయకూడదు. ఈ రోజునుంచే పాపకి రోజూ గోధుమ పెట్టాలి.”

మా ముగ్గురికీ మతిపోయింది. ఆయన ఓపికగా వివరించారు. గోధుమ మానేసి రెండు వారాలే అయింది కాబట్టి రక్తంలో ప్రతిరక్షకాలు ఇంకా ఉంటాయి, ఈ పరీక్షకు ఇబ్బంది లేదు. కానీ ఎండోస్కోపీ అవసరమైతే అది ఎప్పుడు జరుగుతుందో తెలియదు. ఈలోగా గోధుమ లేకపోతే ప్రేగు మానడం మొదలవుతుంది. సగం మానిన ప్రేగును చూసి జబ్బు ఉందో లేదో తేల్చలేరు. తేలకపోతే ఈ పిల్ల జీవితాంతం అనుమానంతో బతకాలి. పథ్యం పట్టాలా వద్దా, ఒక బిస్కట్టు తింటే ఏమవుతుంది, పెళ్ళి భోజనంలో కూర్చోవచ్చా లేదా, ఏ ఒక్కటీ ఖాయంగా చెప్పలేం. పరీక్ష చేయించకుండా ముందే గోధుమ మాన్పించి, ఏళ్ళు గడిచాక తన దగ్గరకు వచ్చేవాళ్ళను చూస్తే తనకు చేతులు కట్టేసినట్టు ఉంటుందని ఆయన అన్నారు. వాళ్ళకు మళ్ళీ వారాల తరబడి గోధుమ పెట్టి పరీక్షించాలి. రోజుకు ఒక చపాతీ, లేదా ఒకటి రెండు బ్రెడ్డు ముక్కలు చాలన్నారు. మరీ నీరసించిపోతే వెంటనే తీసుకురమ్మన్నారు.

ఈ రోజుల్లో గోధుమ మానడం ఒక సరదా అయిపోయింది. ఎవరో చెప్పారని, ఒళ్ళు తగ్గుతుందని మానేస్తున్నారు. పెద్దవాళ్ళు తమ సరదా తాము తీర్చుకోనీండి. జబ్బు అనుమానం ఉన్న పిల్లల విషయంలో మాత్రం ముందు రక్తం ఇవ్వడం, తర్వాతే మానడం. ఈ వరస తిరగబడితే ఎంత చిక్కో ఆ వేసవిలో నాకు తెలిసింది.

ఇంటికి వచ్చాక రభస మొదలైంది. బియ్యం తప్ప ఎరగని ఇంట్లో గోధుమ పిండి ఎక్కడిది? రేషను కార్డు మీద వచ్చిన గోధుమలు డబ్బాలో ఉన్నాయి గానీ వాటిని ఎవరూ ముట్టుకోరు. తాతగారు పట్టించుకొచ్చారు. అవ్వ పొయ్యి దగ్గర కూర్చుంది గానీ పెనం మీద చపాతీ వేయడానికి ఆవిడకు చేయి రాలేదు. “బాగుపడిన బిడ్డకి విషం పెట్టమంటారా? ఏ శాస్త్రంలో ఉండాది ఇది?” అంది. మా అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి ఏడ్చింది. అల్లుడు గుర్‌గావ్ నుంచి ఫోనులో, “డాక్టరు చెప్పినట్టు చేయండమ్మా” అనేవాడు. అతనికేం, దూరాన ఉన్నాడు.

చివరికి చపాతీ చేసింది అవ్వే. చేయకపోతే కోడలు చేయాలి. ఆ పని తల్లి చేత చేయించడం తనకు ఇష్టం లేదంది. నెయ్యి రాసి, పంచదార చల్లి, చుట్టి పాప చేతికి ఇచ్చింది. పాప ఇష్టంగానే తింది. మూడో రోజుకు పొట్ట ఉబ్బింది. అయిదో రోజుకు విరేచనాలు. ఉడతలను చూసి పరిగెత్తిన పిల్ల మళ్ళీ ఎత్తుకోమని చేతులు చాచింది. సాయంత్రాలు వీధి చివర పరోటా కొట్టులో మాస్టరు రాతి మీద మైదా ముద్దను కొట్టే చప్పుడు వినిపించేది. విరుదునగర్ ప్రాంతం నూనె పరోటాకు పేరు పడ్డది, ఎక్కడెక్కడి నుంచో వచ్చి తింటారు. ఆ చప్పుడు వినగానే అవ్వ వీధి తలుపు వేసేసేది.

నాలుగో రోజునే రక్త పరీక్ష ఫలితం వచ్చింది. ఐజీఏ మామూలుగా ఉంది. టీటీజీ ఉండవలసిన హద్దుకు ఆరు రెట్లు ఉంది. యూరప్‌లోని పిల్లల వైద్యులు 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పది రెట్లు దాటి, మరోసారి తీసిన రక్తంలో ఇంకొక ప్రతిరక్షకం కూడా కనిపిస్తే ఎండోస్కోపీ లేకుండానే నిర్ధారించవచ్చట. మాది ఆరు దగ్గర ఆగింది. మదురై వెళ్ళక తప్పలేదు. తారీఖు దొరికింది ఇంకో వారానికి. మొత్తం పదకొండు రోజులు చపాతీ పెట్టాం. అవ్వ ఆ పదకొండు రోజులూ తను చపాతీయే తిని రాత్రి భోజనం ముగించింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

మదురై ఆసుపత్రి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. అర్ధరాత్రి నుంచి పిల్లకు తిండి లేదు. తెల్లవారి మత్తుమందు ఇచ్చి లోపలికి తీసుకెళ్ళారు. నేను గంటలు పడుతుందనుకున్నాను. మా అమ్మాయి కాఫీ తెచ్చేలోగా అయిపోయింది. ప్రేగు మొదటి మలుపు దగ్గర ఒకటి రెండు, కింద నాలుగు, నువ్వు గింజంత ముక్కలు తీశారు. ప్రేగు లోపలి పొరకు నొప్పి తెలియదట. పాప లేచి గొంతు మంటగా ఉందని ఐస్‌క్రీము అడిగింది. కోను వద్దు, కప్పులోదే ఇవ్వమన్నారు నర్సమ్మ. కోను గోధుమ పిండితో చేస్తారు కదా! ఆ రోజు మధ్యాహ్నమే మంసాపురం చేరాం. ముక్కలు తీయడం అయిపోయింది కాబట్టి గోధుమ అప్పటికప్పుడే ఆపేయవచ్చునని చెప్పి పంపారు. అవ్వ మిగిలిన పిండిని ఆవుకు పెట్టేసింది.

వారానికి రిపోర్టు వచ్చింది. నూలు పోగులు అరిగిపోయి ఉన్నాయి, మార్ష్ మూడో దశ అని రాశారు. సీలియాక్ అని ఖాయమైంది. విచిత్రం ఏమిటంటే ఆ కాగితం చూసి అందరం ఊపిరి పీల్చుకున్నాం.

తర్వాత పని వంటింట్లో. బియ్యపు ఇల్లు కాబట్టి సులువే అనుకున్నాం. డాక్టరుగారు ఇచ్చిన జాబితా పట్టుకుని ఒక్కొక్క డబ్బా దించితే గోధుమ ఎక్కడెక్కడ దాక్కుందో తెలిసింది. సేమ్యా, బొంబాయి రవ్వ అంటే సరే. బలానికని పాలలో కలిపే మాల్టు పొడిలో బార్లీ, గోధుమ. జ్వరం వస్తే కాచే బార్లీ నీళ్ళు మరీ చెప్పనక్కర్లేదు. అంగట్లో కొన్న సత్తుమావులో వేయించిన గోధుమలు. అన్నిటికంటే మమ్మల్ని నివ్వెరపరిచింది ఇంగువ. మనం వాడే కూటు ఇంగువలో అసలు ఇంగువ కొంచెమే. మిగతాది తుమ్మజిగురు, పిండి. ఆ పిండి చాలావాటిలో గోధుమదే. అంటే రోజూ సాంబారులో, రసంలో, పులిహోరలో చిటికెడు గోధుమ పడుతూనే ఉంది. ఆ మాటకు అవ్వ, “ఇన్నేండ్లు పెట్టినానే!” అని నోరు నొక్కుకుంది. తాతగారు మదురై వెళ్ళినప్పుడు పిండి కలపని ఇంగువ బంక తెచ్చారు. ఘాటు ఎక్కువ, ఆవగింజంత చాలు.

ఇంకో చిక్కు పిండి మర. అదే రాళ్ళ మధ్య ముందు ఒకరి గోధుమలు, వెనకే మన బియ్యం. మన దేశంలో గ్లూటెన్ లేదని సీసా మీద రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని నియమం ఉంది. మరలో అంటుకుని వచ్చే పిండి ముందు ఆ లెక్క ఎంత? ఇప్పుడు పాప బియ్యప్పిండి, రాగిపిండి ఇంట్లో మిక్సీలోనే. ఈ కరిసల్ నేల, అంటే మన నల్లరేగడి, సజ్జకూ జొన్నకూ పెట్టింది పేరు. మూలన పడ్డ సజ్జ సంకటి మళ్ళీ పొయ్యెక్కింది.

తిరునెల్వేలి హల్వా నేతి మిఠాయి అనుకుంటారు చాలామంది. అది గోధుమలు నానబెట్టి రుబ్బి తీసిన పాలతో చేస్తారు. కాబట్టి వద్దు. శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవాలో పాలు, పంచదార తప్ప ఏమీ ఉండవు. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాపకు అదే పండగ. ఆండాళ్ కోవెల సంప్రదాయంలోని అక్కారవడిసిల్ కూడా బియ్యం, పాలు, బెల్లం, నెయ్యి. పులిహోర ప్రసాదం మాత్రం అవ్వ కళ్ళకద్దుకుని తనే తింటుంది. ఇంగువ ఎలాంటిదో అర్చకుల వారిని అడగడం ఆవిడకు మొహమాటం.

ఆ ఏడు దీపావళికి పాప పద్నాలుగు కిలోలు. మరుసటి వేసవికి టీటీజీ హద్దులోకి దిగింది. ఇనుము టానిక్కు మానేశారు. ఇప్పుడు స్కూలుకు డబ్బా ఇంటినుంచే వెళుతుంది, పుట్టినరోజు కేకు ఎవరిదైనా సరే తనకు తానే వద్దంటుంది.

ఇక మిగిలింది ఇంట్లోవాళ్ళు. ఈ జబ్బు ఉన్నవాళ్ళ తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో నూటికి అయిదు నుంచి పదిమందికి ఉండే అవకాశం ఉందట, ఏ బాధా లేకపోయినా సరే. అందుకని అందరినీ రక్తం ఇమ్మన్నారు. తాతగారు, “డెబ్భై ఏళ్ళు వచ్చినాయి, ఇప్పుడు నన్నేమి చేస్తుంది?” అంటూనే చేయి చాచారు. ఆయనకు లేదు, అవ్వకు లేదు, మా అమ్మాయికీ లేదు. అల్లుడికి ఉందని వచ్చింది. మంసాపురంలో ఇడ్లీలు తింటూ పెరిగినన్నాళ్ళు నిక్షేపంగా ఉన్న మనిషి, ఉత్తరాదికి వెళ్ళిన నాలుగేళ్ళకు రక్తం తక్కువై, ఎప్పుడూ అలసటగా ఉంటుందని మందులు వాడుతున్నాడు. ఉద్యోగం ఒత్తిడి అనుకున్నారు అందరూ. కూతురికి తోడుగా అతను నెల రోజులుగా గోధుమ మానేసి ఉన్నాడు. ఎండోస్కోపీకి ఇంకా టైము ఉంది కాబట్టి మళ్ళీ మొదలుపెట్టమన్నారు.

ఆ ఆదివారం నేను గుర్‌గావ్‌లోనే ఉన్నాను. అల్లుడు వేరే పెనం మీద కాల్చిన చపాతీలు పట్టుకుని, పాపకు కనిపించకుండా బాల్కనీలో కూర్చున్నాడు. పాప కనిపెట్టేసింది. పళ్ళెం చూసి, తండ్రి ముఖం చూసి, “పరీక్ష కోసమా నాన్నా?” అంది. అతను తల ఊపాడు. పాప పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, “మూడో రోజు పొట్ట నొప్పి వస్తుంది. అవ్వ దగ్గర పడుకో” అంది.